వెచ్చబడ్డ ఇంటి నేరం

రేయినో లాహ్తెలా ఇరవై మూడేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే, పాత ఇళ్లలోకి చలి ఎక్కడినుంచి దూరుతోందో పట్టుకోవడం. వీధి గుమ్మానికి పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తాడు. తడి చేతిని గోడల వెంబడి ఆడిస్తూ నడుస్తాడు. చెయ్యి చల్లబడ్డ చోటల్లా సుద్దగీత. మర్నాడు అతని మనుషులు ఆ గోడలకు కన్నాలు పెట్టి కాగితపు పీచు కూరుతారు. మిషిగన్ ఉత్తర కొసన రాగిగని కంపెనీ ఏనాడో కూలీలకని కట్టిపడేసిన ఇళ్లవి. గోడల్లో రంపపుపొట్టు, పాత పేపర్లు తప్ప మరేమీ లేవు. గనులు మూసేసి కంపెనీ తన దారిన తను పోయింది. చలి మాత్రం కూలీల పిల్లలకి మిగిలింది.

బీదవాళ్ల ఇళ్లకు ఈ పని సర్కారు ఊరికే చేయిస్తుంది. వంతు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది; ఊళ్లో ఇంకా నలభై ఇళ్లు కాచుకుని ఉన్నాయి. ఈలోగా జనం తమ పద్ధతిలో తాము బతుకుతారు. అక్టోబరు రాగానే మేడ మూసేస్తారు. మెట్లకు అడ్డంగా దుప్పటి మేకులు కొట్టి, పరుపు వంటింట్లోకి దించుకుని, మే నెలదాకా ఆ ఒక్క గదిలోనే కాలక్షేపం. ఇల్మా కంగాస్ అలా పదకొండు చలికాలాలు గడిపింది. బడిలో వంటచేసి రిటైరైన మనిషి, ఎనభై ఒక్కేళ్లు. చిన్నప్పుడు రేయినోకు అడక్కుండానే రెండోసారి వడ్డించేది. నిరుడు సెప్టెంబరులో ఆమె వంతు వచ్చింది. పని పూర్తయిన నెలకు ఆమె రేయినోను పిలిచి, మెట్లెక్కించి, తన పడకగది చూపించింది.

"చూడరా, చొక్కా విప్పుకుని నిలబడొచ్చు. మా ఆయన కంగాస్ ఉండుంటే ఈ గది వదిలి కిందికి దిగేవాడా?"

ఆ మాటకు రేయినో వారం రోజులు పొంగిపోయాడు.

జనవరిలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. పథకం వల్ల లాభమెంతో తేల్చడానికి ఇల్లు వెచ్చబెట్టడానికి కాల్చే గ్యాసు ఎంతో ఇంటింటి మీటరూ చూస్తారట. ఏటికేడు వాడకం అయిదో వంతైనా తగ్గకపోతే పథకం దండగ కిందే లెక్క. రేయినో తన ఇళ్ల కాగితాలు తీసి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇల్మా ఇంట్లో చుక్క గ్యాసు తగ్గలేదు. ఒళ్లు మండి తిన్నగా ఆమె వంటింటికే పోయాడు.

"నీ మీటరు ఏం తగ్గలేదు పెద్దమ్మా."

"ఎందుకు తగ్గుద్దిరా? అప్పుడు ఒక్క గది, ఇప్పుడు ఇల్లంతా. ముసల్ది వెచ్చగా ఉందా లేదా అని వాళ్ల కాయితంలో అడగరా?"

"అది రాసే గడే లేదు అందులో."

"మరి వంతు కోసం కూర్చున్న ఆ నలభై ఇళ్లో?"

"పథకం ఎత్తేస్తే కూర్చునే ఉంటారు. నా ఉద్యోగం కూడా ఊడుద్ది. అయినా నీతో చెప్పి ఏం లాభంలే."

ఇల్మా రొట్టెముక్క అతని ముందుకు తోసింది. రేయినో అంతటితో ఆ సంగతి వదిలేశాడు.

మార్చి చివర్లో రాజధాని నుంచి డెనీస్ ప్రూయిట్ అనే అధికారిణి తనిఖీకి వస్తే, రేయినో ఆమెను ఇల్మా ఇంటికి తీసుకెళ్లాడు. చెడ్డమనిషి కాదు, బూట్లు గుమ్మం బయటే విప్పింది. ఇల్మా బిల్లులు చూసి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాడకం సగానికి సగం పడిపోయింది.

"అద్భుతం! మేడ ఒకసారి చూడొచ్చా అండీ?"

"మోకాళ్ల నొప్పులమ్మా, ఊడ్చి చాన్నాళ్లయింది. సిగ్గుగా ఉంటది."

డెనీస్ మర్యాదగా ఆగిపోయింది. రేయినో ఆగలేదు. ఫ్యాను సామాను వంకతో నడవలోకి వెళ్లాడు. మెట్లకు దుప్పటి కొట్టి ఉంది. పక్కకు తొలగించి నాలుగు మెట్లెక్కేసరికి నోట్లోంచి ఆవిరి వచ్చింది. పైన ఉత్త మంచం పట్టె, కిటికీ లోపలివైపు మంచు. తను చేత్తో తడిమి తడిమి బిగించిన గది అది. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోయింది.

వంటింట్లోకి వచ్చి నోరు తెరిచాడు.

"కాఫీ చల్లారుద్ది, తాగు రేయినో" అంది ఇల్మా, అతని కళ్లలోకి సూటిగా చూస్తూ.

తాగాడు. ఆ ఒక్క గుటక మింగినందుకు ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేడు.

డెనీస్ కారు కదిలాక అరిచాడు. "ఎవడు చెయ్యమన్నాడు నిన్ను?"

"ఏడుస్తూ చెప్పింది నువ్వు కాదూ? పదకొండేళ్లు ఉన్నదాన్ని, ఇంకో రెండు నెలలు ఉండలేనా? ఆ నలభై ఇళ్లూ అయిపోనీ. వచ్చే చలికాలం మేడ మీదే పడుకుంటా."

జూన్‌లో నివేదిక వచ్చింది. పథకం మూడేళ్లు పొడిగించారు. ఇల్మా ఇల్లు నమూనా ఇల్లు అయింది. ఇకమీదట చేసే ప్రతి ఇల్లూ ఆ ఇంటంత గ్యాసు మిగల్చాలి. ఆ మూడేళ్లూ ఆమె మీటరును నెలనెలా చూస్తారు.

రేయినో ఆ కాగితం ఆమెకు చదివి వినిపించాడు. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"అప్పటికి నాకు ఎనభై నాలుగు వస్తాయిరా."

రేయినో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీలే. ఆ నలభైమందికి ఏం చెప్తావు మరి?"

"గోడలు నింపుతాను పెద్దమ్మా" అన్నాడు రేయినో. "నింపి, మేడ మాత్రం తెరవొద్దని చెప్తాను."