ఘణపూర్ వాళ్ల బొంత

పాత నూలు చీరలు ఉతికి ఫాల్గుణపు ఎండలో ఆరేస్తే ఒక వాసన వస్తుంది. కుంకుడుకాయ వాసన, ఎండిన గంజి వాసన, పైన రాలిన వేపపూత చేదు, అన్నీ కలిసి వచ్చే ఆ వాసనను ఏ సబ్బూ ఇవ్వలేదు. మొన్న ఆదివారం వనపర్తిలో మా ఇంటి వాకిట్లో, వేపచెట్టు కింద, అటువంటి చీరముక్కలు ముందేసుకుని ఒక చిన్న బొంత కుడుతున్నాను. మేడమీద అద్దెకుంటున్న శ్రావణి, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, మెట్ల కమ్మీ పట్టుకుని మెల్లగా దిగివచ్చి నిలబడింది. "ఇంత చిన్నదేంటి ఆంటీ, ఎవరికి?" అని అడిగింది. నేను తలెత్తకుండా, "నాగర్‌కర్నూల్ వాళ్లకమ్మా" అన్నాను. అంటూనే సూది ఆపాను. మాట నాదే కానీ ఆ గొంతు నాది కాదు. అది పెద్దమందడి చెన్నమ్మది.

చెన్నమ్మ మీలో ఎవరికీ తెలియదు. ఆమె పేరు ఏ కాగితం మీదా పడలేదు, రేషను కార్డు మీద తప్ప. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మండలాలకు వస్తున్న ఆ రోజుల్లో నాకు పెద్దమందడి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన బస్సు కండక్టరు. రెండు రోజులు ఇంట్లో ఉంటే రెండు రోజులు హైదరాబాదు దారిలో ఉండేవాడు. మేం అద్దెకు తీసుకున్న రెండు గదుల పెరటికీ, చెన్నమ్మ పెరటికీ మధ్య ఒక ముళ్లకంప ఉండేది. అందులో మేకలు చేసిన సందు ఒకటి ఉండేది. మా రాకపోకలన్నీ ఆ సందులోంచే. అటు పక్క సొరపాదు పందిరి, దాని కింద గోంగూర మడి, మూలన మల్లెపొద, అన్నింటికీ పైన వేపచెట్టు. స్నానం చేసిన నీళ్లు ఏ పాదుకు ఎంత పోవాలో ఆమె కాలి బొటనవేలితో మట్టి జరిపి లెక్క తేల్చేది. వయసులో ఉన్నప్పుడు భర్తతో కలిసి కాలువలు తవ్వే పనికి దేశాలు తిరిగిందట. బొంత కుట్టడం అక్కడే నేర్చుకుంది. "ఊరు విడిసిపోతే ఇల్లు ఎంట రాదు టీచరమ్మా, బొంత ఒస్తది" అనేది. మోకాళ్లు అరిగి, భర్త పోయి, ఊరికి తిరిగి వచ్చాక అదే ఆమెకు బతుకుదెరువు అయింది.

నా సంగతి కూడా చెప్పాలి. నాది ముక్కు మీద కోపం. బడిగంట ఒక నిమిషం ఆలస్యంగా కొడితే అటెండరును కడిగేసేదాన్ని. అటువంటి నేను ఒక పాతచీరల మూట తీసుకుపోయి, "బొంత ఎప్పుడిస్తావు?" అని చెన్నమ్మను అడిగాను. "అయినంక" అంది. "ఎప్పుడవుతుంది?" అంటే "కుట్టినంక" అంది. ఆ జవాబుకు మార్కులు వేయాలో, గోడకుర్చీ వేయించాలో తెలియక ఇంటికి వచ్చేశాను. నెల తర్వాత బొంత వచ్చింది. కుట్లు చూస్తే కాపీపుస్తకంలో గీతల్లా ఒక్కటీ వంకర లేదు.

ఆ ఏడు వానకాలంలో నాకు ఐదో నెలలో గర్భం పోయింది. అంతకుముందే బడిలో అందరికీ చెప్పుకున్నాను. పేర్లు అనుకున్నాను. మిషను మీద నాలుగు చిన్న గౌన్లు కూడా కుట్టి పెట్టుకున్నాను. దవాఖాన నుంచి వచ్చిన వారానికి బోరింగు దగ్గర ఎవరో, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు చేసె" అనడం నా చెవిన పడింది. ఆ మాటకు ఎంత ఏడ్చానో ఇప్పుడు రాయలేను. గౌన్లు ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. చెన్నమ్మ మాత్రం ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. మర్నాడు సాయంత్రం కంపసందులోంచి పిలిచి, "నాకు కండ్లు ఆనుతలెవ్వు బిడ్డ, జర సూదిల దారం ఎక్కియ్యి" అంది. అప్పటిదాకా టీచరమ్మా అనేది, ఆ రోజు నుంచి బిడ్డా అనసాగింది. నెలరోజులు రోజూ వెళ్లి ఆమె సూదులన్నింటికీ దారం ఎక్కించి, పక్కన కూర్చుని వచ్చేదాన్ని. ఒకరోజు కాస్త ముందుగా వెళ్లేసరికి, అరుగు మీద మసకచీకట్లో తానే ఒక్క తోపుకు దారం ఎక్కిస్తూ కనిపించింది. ఆమె నాకు చెప్పిన మొదటి అబద్ధం అది. నేను చూసినట్టు చెప్పలేదు.

మళ్లీ నెల తప్పినప్పుడు మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆశపడటం అంటేనే భయం పట్టుకుంది. ఆయన ఉయ్యాల ఊసెత్తితే కయ్యానికి దిగేదాన్ని. కానీ చింతలు చిగురు వేసే కాలం వచ్చింది, నా గుట్టు అక్కడ బయటపడింది. చెన్నమ్మ పెరటి వెనక చింతకొమ్మ వంచి పచ్చి చిగురు నములుతుంటే ఆమె చూసింది. "మేకలకు ఇంత ఇడువు తల్లీ, అంత నువ్వే మేస్తే ఎట్ల?" అంది. ఫాల్గుణం నడుమ ఐదో నెల దాటింది. ఆ వారమంతా నేను రాత్రిళ్లు మంచం మీద అటు ఇటు కదలడానికి కూడా భయపడ్డాను.

సరిగ్గా ఆ వారమే వేపచెట్టు కింద మూడు బొంతలు పరుచుకున్నాయి. ఒకటి ఒక రైతు ఇంటి పెళ్లికి, మంచమంత వెడల్పుది. రెండోది పుణె వైపు పనికి పోయే అన్నదమ్ములకు, నాలుగు పొరల మందంతో. మూడోది చేటంత చిన్నది. "ఇదెవరికవ్వా?" అని అడిగాను. సూది నోట్లో పెట్టుకుని, "ఘణపూరోళ్లకు" అంది. "ఎవరు వాళ్లు?" అంటే, "ఉన్నరు బిడ్డ, మంచోళ్లు. తొలుసూరు కాన్పట" అంది.

ఆ చిన్న బొంత మీద నాకు ఎందుకో మనసు పడింది. బడి నుంచి రాగానే సంచి పడేసి సందులోంచి దూరేదాన్ని. చెన్నమ్మ పెద్దబొంత కుడుతూ, "నా చెయ్యి కాలీ లేదు, ఘణపూరోళ్లది నువ్వో నాలుగు వరుసలు కుట్టు" అనేది. కుట్టేదాన్ని. అంచు నుంచి లోపలికి ఎట్లా రావాలో, పొరలు ముడతపడకుండా అరచేత్తో ఎట్లా దువ్వాలో అప్పుడే నేర్చుకున్నాను. పూత రాలి కుట్ల మధ్య పడితే దులపబోయాను. "ఉండనియ్యి, పురుగు పట్టదు" అంది. నా పాత పసుపు చీర ఒకటి తెచ్చి, "నడిమధ్యలో ఇది వేద్దాం, పసిపిల్లకు మెత్తగా ఉంటుంది" అన్నాను. ఆ పిల్ల తెల్లగా ఉంటుందా, నల్లగా ఉంటుందా, పళ్లు రాకముందే కరుస్తుందా అని ఇద్దరం పందేలు వేసుకునే వాళ్లం. నా కడుపులో ఉన్న బిడ్డ గురించి ఒక్క మాట అనుకోవడానికి దడిసిన నేను, ఘణపూర్ వాళ్ల బిడ్డ గురించి మాత్రం పొద్దుగూకే దాకా మాట్లాడేదాన్ని.

ఉగాదికి రెండు రోజుల ముందు కొత్త చిక్కు వచ్చిపడింది. సగమైన చిన్నబొంతను చెన్నమ్మ మడిచి, సొరపందిరి కింద గంపలో పెట్టింది. ఆమె ఎర్రకోడి ఎప్పటి నుంచి దొంగతనంగా ఆ గంప అడుగు గడ్డిలో గుడ్లు పెడుతోందో ఏమో, చూసేసరికి బొంతను చుట్టూ గూడులా తొక్కుకుని పదకొండు గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది. దగ్గరికి పోతే గుర్రుమంటోంది. ఇక ఇరవయ్యొక్క రోజులు బొంత దాని సొంతం.

నాకు కోపం నసాళానికి ఎక్కింది. "గుడ్లు తీసి వేరే గంపలో పెట్టొచ్చు కదా?" అన్నాను.

"అది ఎంచుకున్న జాగ అది. మనం ఎంచితే కూసోదు."

"మరి ఘణపూర్ వాళ్లకు ఏం చెప్తావు? మాట అంటే మాట కదా? వాళ్లు ఎదురుచూస్తూ ఉండరా?"

"చూస్తరు. ఆల్లకింక టైముంది" అంది చెన్నమ్మ, పెళ్లిబొంత మీద నుంచి చూపు తిప్పకుండా. నేను ఇంకేదో అనబోతే, "కోడిగుడ్డు మీద ఈకలు పీకకు బిడ్డ, అసలే అది సిరాకు మీదున్నది" అని నవ్వింది.

నేను ఊరుకునే రకాన్ని కాను. ఆ నెలలోనే పదో తరగతి పరీక్షల డ్యూటీ ఖిల్లా ఘణపూర్‌లో పడింది. పరీక్ష అయిపోయాక, బస్సుకు ఇంకా గంట ఉందని, ఆ బొంతవాళ్లను వెతకడానికి బయలుదేరాను. ఆలస్యానికి నేనే క్షమాపణ చెప్పుకుందామని నా ఆలోచన. కోట కింద చాయ్ హోటల్లో ఒక ముసలాయన ఉంటే, "పెద్దమందడి చెన్నమ్మ దగ్గర బొంత కుట్టించుకుంటున్న వాళ్లు ఎవరు తాతా? తొలిచూలు అమ్మాయి ఉన్న ఇల్లు" అని అడిగాను. ఆయన నన్ను, నా కడుపును ఒకసారి చూసి, "గిదేం పరేషానమ్మా! ఊర్ల ఇంటికో బొంత, ఈదికో బాలింత. ఎవ్వరని చెప్పాలె?" అన్నాడు. చుట్టుపక్కల నలుగురూ నవ్వారు. ఎండలో మూడు వీధులు తిరిగి ఉత్తచేతులతో వచ్చాను.

ఈ సంగతి చెబితే చెన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పేరు తెల్వకుండ ఊరంత తిరిగినవా? ఓ నా తల్లీ!"

"అయితే పేరు చెప్పు, ఈసారి చూస్తాను" అన్నాను ఉక్రోషంగా.

"పేరా? ఇంక పెట్టలే" అంది. పుట్టబోయే పిల్ల గురించి అంటోంది కాబోలు అనుకున్నాను.

ఇరవయ్యొక్క రోజులకు గంపలో తొమ్మిది పిల్లలు కిచకిచలాడాయి. రెండు గుడ్లు మురిగిపోయాయి. ఆ రెండింటినీ చెన్నమ్మ చేతిలోకి తీసుకుంటే నేను చూడలేక మొహం తిప్పుకున్నాను. ఏడుపు వచ్చేసింది. ఆమె వాటిని తీసుకుపోయి సొరపాదు మొదట్లో మట్టికప్పి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "కోడిని జూడు బిడ్డ" అంది. ఎర్రకోడి తొమ్మిదింటినీ వెంటేసుకుని గోంగూర మడిలో కాళ్లతో గీరుతోంది. "పోయినయి దానికి తెల్వవనుకున్నవా? తెలుసు. ఉన్నయాటికి తిండి సూపెట్టాలె గద." ఆమె నాతో నా సంగతి మాట్లాడినది ఆ ఒక్కసారే. నేను చాలాసేపు ఆమె భుజానికి ఆనుకుని ఉన్నాను. తర్వాత ఇద్దరం కలిసి గంపలోంచి బొంత తీసి, కోడిరెట్ట కడిగి, తీగమీద ఆరేశాం. ఒక మూల చిన్న మరక మాత్రం పోలేదు.

వేసవి సెలవుల్లో పురిటికి గద్వాలలో మా అమ్మగారింటికి వెళ్లాను. వెళ్లే రోజు కూడా, "ఘణపూర్ వాళ్లకు ఇచ్చేశావా?" అని అడిగితే, "ఇంక రాలే ఆల్లు" అంది. ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున నాకు ఆడపిల్ల పుట్టింది. ఏడ్చిన ఏడుపుకు దవాఖాన అంతా లేచింది. ఇరవయ్యొకటో రోజున తొట్టెల్లో వేస్తున్నామని మా ఆయనతో కబురు పంపాను కానీ, మోకాళ్ల నొప్పులతో చెన్నమ్మ రెండు బస్సులు మారి వస్తుందని అనుకోలేదు. వచ్చింది. తడిసిన కొంగు పిండుకుంటూ గడపలో నిలబడి, యూరియా సంచిలోంచి ఒక మూట తీసింది.

"ఘణపూరోళ్లు ఒద్దన్నరు బిడ్డ" అంది. "ఊకె పారేస్తనా? నీకైతే అక్కెరకొస్తదని తెచ్చిన."

విప్పితే అదే. నడిమధ్య నా పసుపు చీర. ఒక వారగా నా చేతి వంకర కుట్లు. మూలన కోడి మరక. ఘణపూర్‌లో వాళ్లు నాకు ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది. పుట్టకముందు పసిబిడ్డకు గుడ్డముక్క కూడా కుట్టకూడదని ఆమెకూ తెలుసు, ఆమెకూ భయమే. కానీ ఆశపడకుండా నేను ఎండిపోతున్నానని కూడా ఆమెకు తెలుసు. అందుకే నా ఆశను తీసుకుపోయి, నాకు తెలియకుండా, ఒక కోటవూరిలో లేని మనుషుల ఇంట్లో దాచింది. ఆమె కాళ్ల మీద పడబోతే, "బాలింతవు, వంగకు" అని కసిరి, "పిల్లను చూపియ్యి, కరుస్తదా?" అంది.

ఆ నిజం ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు. నా కూతురుకు ఐదేళ్లు వచ్చాక ఒకసారి పట్టుబట్టి, "అవ్వా, ఘణపూర్ వాళ్లు ఎవరూ లేరు కదా?" అన్నాను. చెన్నమ్మ అమాయకంగా కళ్లు పెద్దవి చేసి, "ఏంది, బొంత వాపస్ అడిగిన్రా?" అంది. ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. నా కూతురు హాస్టలుకు కూడా ఆ బొంతనే తీసుకుపోయింది. ఇప్పుడది కాళ్లకు కూడా చాలదు, అయినా దిండు మీద పరుచుకుంటుందట.

శ్రావణికి ఇప్పుడు ఆరో నెల. పోయినేడు ఒకసారి పోగొట్టుకుంది. అందుకే మేడమీద ఆ ఊసే వినిపించదు. మొన్న మెట్ల దగ్గర నిలబడ్డ అమ్మాయిని, "నాకు కళ్లు ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించమ్మా" అని పిలిచాను. వచ్చి కూర్చుంది. దారం ఎక్కించి, ఇంకా లేవకుండా, చీరముక్కలు ఒక్కొక్కటే ఒడిలో పెట్టుకుని చూడసాగింది. చివరికి ఒక చిలకపచ్చ ముక్క తీసి మధ్యలో పరిచి, అరచేత్తో దువ్వింది.

"నాగర్‌కర్నూల్ వాళ్లకు ఈ రంగు నచ్చుతుందంటారా ఆంటీ?"

"ఎందుకు నచ్చదు" అన్నాను. "నువ్వే ఓ నాలుగు వరుసలు కుట్టు. నా చెయ్యి ఖాళీ లేదు."