జామతోటలో పచ్చ టోపీ

నార్సింగి దాటాక మూసీ వైపు దిగే మట్టిదారిలో ఒక జామతోట ఉండేది. ఆఫీసులో ఒకే టీంలో పనిచేసే మేం ముగ్గురం ఆదివారం పొద్దున్నే పిట్టల్ని చూడటానికి అక్కడికి వెళ్లేవాళ్లం. ఈ పిచ్చి మాకు అంటించింది మాలో పెద్దవాడు. అన్నా అని పిలిచేవాళ్లం. పొడుగాటి మనిషి. పచ్చ గుడ్డ టోపీ, మెడలో బైనాక్యులర్స్. తీతువు కూస్తే చావు కబురని మా నానమ్మ అనేదని చెబితే నవ్వాడు.

"మనం దాని గుడ్లు తొక్కుతామేమోనని దాని భయం దానిది. మన చావుతో దానికేం పని?"

చలికాలం మొదట్లో అతను నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ తర్వాత రెండు నెలలు మేమిద్దరం అటు వెళ్లలేదు. చివరికి వరంగల్ వాడైన మా మిత్రుడే ఫోన్ చేశాడు. "పోదాం రా. ఇంట్ల కూసుంటే ఇంకా పరేషాన్ అయితుంది."

మేం వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. కోకాపేట టవర్లు సగం వరకే కనిపిస్తున్నాయి. తోట కాపలాదారు గేటు తీస్తూ, "ఇన్నొద్దులకు యాదికొచ్చినమా సార్?" అని నవ్వాడు. "అన్న మీకంటె ముందే వచ్చిండు. అగో, ఒడ్డుకు పోయిండు."

మా మిత్రుడి చెయ్యి గేటు మీదే ఆగిపోయింది. "ఏ అన్న?"

"గదే, పచ్చ టోపీ సారు. మూడు వారాలసంది ఒక్కడే వస్తుండు. వెనక కంచె సందులకెళ్లి వచ్చి, బండ మీద కూసుంటడు. దూరంకెళ్లి పిలిస్తే పలుకడు. జర బక్కగైండు. నా మీద కోపమొచ్చిందా ఏంది?"

అతను చనిపోయాడని కాపలాదారుకు చెప్పకుండానే ఒడ్డు వైపు నడిచాం. జామచెట్ల మధ్య సాలెగూళ్లు తడిసి మొహానికి తగులుతున్నాయి. దయ్యాలు ఉండవని నాకు తెలుసు. అయినా మా మిత్రుణ్ణే ముందు నడవనిచ్చాను. అందుకు కారణం ఉంది. ఆ చివరి ఆదివారం అతను ఫోన్ చేస్తే ఆఫీసు పని ఉందని అబద్ధం చెప్పి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మా మిత్రుడు జ్వరమన్నాడు. అదీ అబద్ధమే. నాలుగో రోజున కబురొచ్చింది.

ఏటి అవతల ఒక తీతువు కూసింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బండ మీద పచ్చ టోపీ. అటు తిరిగి కూర్చున్న వీపు. ఎప్పుడూ అన్న వేసుకునే ముదురు రంగు జాకెట్.

"అన్నా!" మా మిత్రుడు గట్టిగా అరిచాడు.

టోపీ మెల్లగా మా వైపు తిరిగింది. అతని భార్య. ఆవిడా పొడుగే.

"భయపెట్టానా అండి?" అంటూ లేచింది. ఆవిడది భీమవరం వైపు మాట. "ఈయన ఏం చూసేవారో చూద్దామని వస్తున్నాను. ఏ పిట్ట పేరూ తెలీదు నాకు. ఆ నల్లగా రెక్కలు ఆరేసుకున్నది ఏంటండి?"

"నీటికాకి అండి," అన్నాను. ఇక ఆపుకోలేక అన్నీ చెప్పేశాను. ఆ ఆదివారం, ఆ అబద్ధం. మా మిత్రుడు తల దించుకుని, "నాది గూడ గంతే, వదినా," అన్నాడు.

ఆవిడ మళ్లీ బండ మీద కూర్చుంది. గట్టువారన తేలుతున్న నురగ బండకు తగిలి విడిపోతోంది.

"మీరిద్దరూ రానన్నాక నన్ను అడిగారండి," అంది. "పెళ్లయ్యాక మొదటిసారి అడిగారు. ఆదివారం కూడా నన్ను పడుకోనివ్వరా అని విసుక్కున్నాను. ఒక్కరే వెళ్లి వచ్చారు. ఏం చూశారని కూడా అడగలేదు."

ముగ్గురం ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాం. కనిపించిన పిట్టల పేర్లు చెబుతూ పోయాను. ఆవిడ ఒక్కొక్కటీ మెల్లగా పైకి అనుకుంది. తిరిగి వెళ్లేటప్పుడు కాపలాదారుకు నిజం చెప్పాం. "అయ్యో, గిట్లెట్లయింది," అంటూ తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మరో రెండు ఆదివారాలు ముగ్గురం కలిసి వెళ్లాం. మూడోసారికి కొత్త టవర్ల కోసమని తోట చుట్టూ ఎత్తుగా రేకులు కొట్టేశారు. కాపలాదారు లేడు. లోపల జెముడుకాకి ఒకటి బొంగురు గొంతుతో ఆగి ఆగి కూస్తోంది. రేకుల సందులోంచి ఎంత వెతికినా ఏ కొమ్మ మీద ఉందో కనబడలేదు.