బొల్లారం దిగుడు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ ఏళ్లలో పెట్రోలు దొరక్క లారీలను బొగ్గుతో నడిపేవారు. షామీర్‌పేట నుంచి బొల్లారం పటాలానికి ఎండుగడ్డి తోలే షౌకత్ లారీకి కూడా వెనకాల నిలువెత్తు బొగ్గుపొయ్యి బిగించారు. పొద్దున్నే దాన్ని రాజేసి, గ్యాసు పట్టేదాకా చెయ్యి పడిపోయేలా పంకా తిప్పాలి. ఆ పొగకు అతని కళ్లెప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. గౌడవెల్లిలో ఇల్లు చేరాక అన్నం ముందే కునికిపాట్లు పడేవాడు.

ఎక్కుడులో ఆ లారీ మనిషి నడకకన్నా మెల్లగా పోయేది. దిగుడులో మాత్రం ఆగేది కాదు. లారీలు గంటకు పదిహేను మైళ్లు దాటరాదని బొల్లారం మొదట్లో పలక పెట్టారు. సరిగ్గా అక్కడే దిగుడు మొదలు.

“బిరేకులు పడ్తలేవు సేటూ. ఒక్కపారి ఇప్పి సూపియ్యి,” అని లారీ యజమాని గౌరయ్యను ఎన్నోసార్లు అడిగాడు.

“బండి నిలవెడితే పటాలపోల్లు కంట్రాక్టు తీసేస్తరు. జర సైసు షౌకత్,” అనేవాడు గౌరయ్య.

ఒక ఎండాకాలం పూట పలక దాటగానే లారీ ఉరుకందుకుంది. తొక్కిన బ్రేకు తొక్కినట్టే లోపలికి పోయింది. గేరు పడలేదు. ముందర గొర్లకాపరి ఇస్తారి మందను రోడ్డు దాటిస్తున్నాడు. షౌకత్ బండిని పక్క చెలకలోకి తిప్పాడు. అది గట్టుకు తగిలి ఒరిగింది. పొయ్యిలోని నిప్పులు గడ్డి మీద పడి మంటలు లేచాయి. ఇస్తారే అతణ్ణి బయటికి లాగాడు. ఎడమ భుజం విరిగింది. గడ్డంతా కాలిపోయింది.

పోలీసులు అతివేగమని కేసు రాశారు. గౌరయ్య షౌకత్ ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. “తప్పు నీదే అని ఒప్పుకో. బిరేకుల ముచ్చటెత్తితే నా పర్మిటు పోతది. నీ ఇల్లు నేను సూస్కుంట.”

అతను వెళ్లాక షౌకత్ భార్య హజీరా భర్త భుజానికి కట్టు సర్దింది. “ఒప్పుకుంటే రేపు నీకు బండి ఎవలిస్తరు?” అంది.

కచేరీలో షౌకత్ ఉన్నదున్నట్టే చెప్పాడు. “నేను ఉరికియ్యలే సర్కార్. అదే ఉరికింది. బిరేకులు లెవ్వు.”

“లేవని ముందే తెలుసా?” అనడిగాడు మెజిస్ట్రేటు.

“తెలుసు సర్కార్.”

“తెలిసీ ఎందుకు నడిపావు?”

నేను తోలకుంటే ఇంకొకడు తోలేటోడు అన్న మాట నాలిక దాకా వచ్చింది. అది జవాబు కాదని అతనికే అనిపించి తల వంచుకున్నాడు. గౌరయ్య పర్మిటు పోయింది. షౌకత్ లైసెన్సు ఏడాదిపాటు తీసిపెట్టుకున్నారు.

ఆ ఏడాది హజీరా కూలికి పోయింది. షౌకత్ ఒంటిచేత్తో చేతనైన పని చేశాడు. ఇస్తారి అప్పుడప్పుడు చెంబెడు పాలు తెచ్చి గడపలో పెట్టి, కాసేపు కూర్చుని పోయేవాడు.

యుద్ధం ముగిశాక, చేతికొచ్చిన లైసెన్సు పట్టుకుని మేడ్చల్‌లో అల్లావుద్దీన్ అనే లారీ ఆసామి దగ్గర పనికి కుదిరాడు. మొదటిరోజు మూటలు ఎక్కించాక అల్లావుద్దీన్ తొందరపెట్టాడు. “ఇగ కదులు. ఏందింకా?”

“బిరేకులు సూసినంకనే కదుల్త. రోజూ గింతే. మీకు నచ్చకుంటే ఇంకొకణ్ణి సూస్కోండ్రి.”

అల్లావుద్దీన్ అతణ్ణి ఎగాదిగా చూశాడు. “సరే, జల్దీ కానీ,” అని మూట మీద కూర్చుని బీడీ ముట్టించాడు. షౌకత్ నేల మీద గోనె పరిచి, ఎడమ భుజం ఆనకుండా కుడిపక్కకు ఒత్తిగిలి, లారీ కిందికి మెల్లగా జరిగాడు.