జంధ్యం అడ్డం పడిన వేళ

తొంభైల్లో నల్లగొండలోని ఒక చిన్న దవాఖానలో నాకు ఏడో నెలలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. నాకు ఒళ్లు కాలే జ్వరం. పిడికెడంత పాపేమో చల్లబడిపోతోంది. వెచ్చగా ఉంచే పెట్టె అక్కడ లేదు. "తండ్రి చొక్కా విప్పి రొమ్ముకు అదుముకోవాలె. ఇప్పుడు అదే మందు" అన్నది డాక్టరమ్మ.

మాది చేనేత ఇల్లు, మగవాళ్లు జంధ్యం వేసుకుంటారు. మా అత్త అడ్డం తిరిగింది. "జందెమున్నోడు పురిటి బిడ్డను ముట్టుకుంటడా? ఇరవై ఒక్క రోజు మైల!" డిగ్రీ చదివిన నా మొగుడు గోడకు ఆనుకుని తల దించుకున్నాడు.

పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను.

"ఏందయ్యా చూస్తున్నవు? జందెం తీసి మీ అమ్మకియ్యి, బిడ్డనెత్తుకో. లేకుంటే బిడ్డ పోయినంక గా జందెమే ఎత్తుకొని ఆడిద్దువు!" అని వార్డంతా వినేలా అరిచాను.

ఆయన జంధ్యం తీసి అత్త చేతిలో పెట్టాడు, చొక్కా విప్పాడు. సాయంత్రానికి పాప పెదవులు ఎర్రబడ్డాయి.

ఇప్పుడు అదే అత్త "నా కొడుకు రొమ్ము మీద ఏసుకొని బతికించిండు" అని వచ్చిన చుట్టాలందరూ వినేలా చెబుతుంది. "మైల ఎన్ని రోజులుండె అత్తమ్మా?" అని నేనూ ప్రతిసారీ అడుగుతాను.