ఓబులేసు నడుము కింద చుట్టకుదురు

2022 ఎండాకాలం. అప్పుడు నేను పులివెందులలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీ అయ్యాక ఇళ్ళకు పోయి డ్రెస్సింగులు కూడా చేసేదాన్ని. లింగాల దగ్గర పల్లెలో ఓబులేసు అనే రైతు అరటి గెలలు లోడు చేస్తూ లారీ పైనుంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. మనిషి మాత్రం ఎద్దులా ఉండేవాడు.

ఇలాంటి పేషెంటుకు పెద్ద భయం ప్రెషర్ సోర్. కదలకుండా పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక పుండు పడుతుంది. మందుకన్నా ముందు, రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పాలి. వెన్ను మెలిపడకుండా తిప్పాలంటే ఇద్దరు కావాలి.

నేను పోయేసరికే నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు. దాని చుట్టూ పాత చీరతో చుట్టిన కుదురు!

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"బిందెలు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకుంటాం గదా సిస్టరమ్మా. పుండుకు పరుపు తగలకుండా ఉంటాదని పెట్టినా" అంది ఆయన భార్య రమణమ్మ.

పాపం, ఎంత ఆలోచించి పెట్టిందో! పుండుకు పరుపు తగలడం లేదు, నిజమే. కానీ ఒంటి బరువంతా కుదురు అంచు మీద పడి, ఆ చుట్టూ చర్మం నల్లబడుతోంది.

ఓబులేసు వాళ్ళ అన్న అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జమ్మలమడుగులో సైన్సు టీచరు, వేసవి సెలవులకు ఇంటికి వచ్చాడు.

"పీడనమంటే ప్రమాణ వైశాల్యం మీద పనిచేసే బలం. ఆనే చోటు తగ్గితే పీడనం పెరుగుతాది. ఎనిమిదో తరగతి పిల్లోల్లకు గూడా తెలుసు. ఈ ఆడోల్లకు యాడ ఎక్కుతాది?" అన్నాడు.

ఒక్క అక్షరం తప్పు లేదు. "బాగా చెప్పినారు సార్. రండి, ఆ భుజం పట్టుకోండి, తిప్పుదాం" అన్నాను.

ఆయన లేవలేదు. "అదంతా ఆడోల్ల పని గదమ్మా. ఆ కంపులో నేనేం జేస్తా?"

"అన్నా, ఒక్క చెయ్యి ఎయ్యన్నా. దాని ఒక్కదానికి శానా కష్టమైతాంది" అన్నాడు మంచం మీదినుంచి ఓబులేసు. అన్న ఫోను చూసుకుంటూ బయటికి పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

కుదురు తీసేసి నేనూ రమణమ్మా తిప్పాం. తర్వాత ఆమె ఒక్కతే. వంట, పొలం, మధ్యలో ఆ బరువు. పొద్దున తిప్పితే మళ్ళీ మధ్యాహ్నమే. నేను పోయిన ప్రతిసారీ పుండు ఇంకాస్త లోతుకు దిగింది. చివరికి ఎముక కనిపించింది. చలిజ్వరం పట్టుకుంది. పుండులో విషం రక్తానికెక్కింది, దాన్నే సెప్సిస్ అంటాం. ప్రొద్దుటూరుకు తీసుకుపోయినా మనిషి దక్కలేదు.

చావుకు నేనూ పోయాను. పాడె ఎత్తేటప్పుడు మగవాళ్ళు నేనంటే నేనని తోసుకున్నారు. "నా తమ్ముడప్పా! ముందర నేను పట్టుకుంటా" అని అన్న అందరినీ నెట్టి భుజం పెట్టాడు.

"ఇప్పుడు వంగిందా బావా నీ భుజం?" అంది రమణమ్మ.

అప్పటినుంచి ఇలాంటి పేషెంటును ఇంటికి పంపే ముందు ఆ ఇంటి మగవాళ్ళను వార్డులోకి పిలుస్తాను. నా కళ్ళ ముందర తిప్పి చూపించేదాకా బండి ఎక్కించనివ్వను. "మాకు తెలుసులే మేడమ్" అని సణుగుతారు. తెలిస్తే సరిపోదు నాయనా. అన్నీ తెలిసినవాడు కుర్చీ దిగకపోతే, మంచం మీద మనిషి బతికుండగానే కుళ్ళిపోతాడు. అది నేను కళ్ళారా చూశాను.