ఒక్కసారే తీసిన కొలత

పేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో నా చిన్నపేగు చివరను పొట్ట మీదకి తెచ్చి కుట్టారు. మలం అక్కణ్ణించే సంచిలోకి వస్తుంది. ఆ సంచిని ఒంటికి పట్టి ఉంచే గుండ్రటి జిగురు బిళ్ళను ఆసుపత్రిలో ఫ్లాంజ్ అంటారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టర్ని నేను! పైపు ఫ్లాంజ్‌ల మధ్య లీకవకుండా వేసే గాస్కెట్లు వేలల్లో కోసిన చెయ్యి ఇది. బిళ్ళ మధ్యలో పేగుకి సరిపడా రంధ్రం కోసుకోవడం ఒకరు నాకు నేర్పాలా?

ఇంటికొచ్చిన రోజే కొలత తీశాను. పాత ఎక్స్‌రే ఫిల్ముతో నమూనా చేసి, పది బిళ్ళలు ఒకేసారి కోసి స్టీలు డబ్బాలో పెట్టాను. నమూనా ఒకసారి సరిగ్గా కుదిరితే ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదన్నది ప్లాంటులో అబ్బిన అలవాటు. మా ఆవిడ సాయం చేస్తానంటే కసిరాను.

రెండు నెలలు తిరక్కుండానే పేగు చుట్టూ చర్మం చెక్కుకుపోయింది. కారం రాసినట్టు మంట. చర్మం నుంచి నీరు కారితే బిళ్ళ అతకదు, అతక్కపోతే లీకు, లీకైతే పుండు ఇంకా పెద్దదవుతుంది. ఆవిడ జాలిపడి కొబ్బరినూనె రాసింది. దాంతో అతికేది కాస్తా జారిపోయింది. నేనేమో బిళ్ళల సరుకే నాసిరకమని తిట్టిపోశాను. డాక్టరుగారు చూసి, తొమ్మిది రోజుల్లో ఇది మానకపోతే క్యాన్సర్ మందు, అదే కీమో, వాయిదా వెయ్యాల్సిందే అన్నారు. మందు ఆగితే జబ్బు ఊరుకుంటుందా?

ఆయన నన్ను ఇలాంటి సంచుల సంగతి చూసే ఒక నర్సమ్మ దగ్గరికి పంపారు. రైల్వేలో పనిచేసిన తెలుగువాళ్ళ పిల్ల, తెలుగుకన్నా హిందీ ధారాళం. ఎలా కోస్తున్నారో చూపించమంటే నా డబ్బా గర్వంగా తెరిచాను. ఆ పిల్ల కొలత కార్డు తీసి పేగు చుట్టూ పెట్టింది. తర్వాత నా బిళ్ళ పెట్టింది. మధ్యలో చిటికెన వేలంత ఖాళీ!

"అంకుల్, ఆపరేషన్ వాపు దిగేకొద్దీ ఇది ఛోటా అవుతుంది, ఖాళీలో మలం చర్మానికి తగిలి పుండవుతుంది. హర్ బార్ కొలిచి కొయ్యాలి. మీరు ఒక్కసారే కొలిచారు."

మొదట ఒళ్ళు మండింది. మరుక్షణం ఉత్సాహంగా కుర్చీలోంచి లేచాను. లీకు దొరికింది! తప్పు సరుకుది కాదు, నాది. నాదైతే నేను బాగుచేసుకోగలను. పైపు చిక్కిపోదు, మనిషి చిక్కిపోతాడు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడండి.

నూనె మానేశాం. ఆ పిల్ల చెప్పినట్టు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పుండు ఆరే పొడి చల్లి, అంటనిది దులిపి, ప్రతిసారీ కొలిచి కోశాను. మూడో రోజుకి మంట తగ్గింది. ఆరో రోజుకి బిళ్ళ కదలకుండా అతుక్కుంది. నేను అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ ఈ కథే చెప్పాను. తొమ్మిదో రోజు డాక్టరుగారు చూసి, రేపు కీమోకి వచ్చెయ్యమన్నారు. కీమో అంటే ఎగిరి గంతేసినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. "పెళ్ళికెల్తన్నారేటి?" అని ఆవిడ నవ్వింది. ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. గాజులు జారి మోచేతి దగ్గరికి వెళ్ళిపోయాయి. ఎప్పుడింత చిక్కిపోయావని అడిగాను.

"మీ ఆపరేషన్ కాణ్ణించీ ముద్ద దిగనేదండి. ఆ మందు ఆగిపోద్దేమోనని మరీను," అంది.

రెండు నెలలుగా ఈ మనిషివైపు చూడలేదు నేను. సిగ్గేసింది. దారిలో క్యాంప్ వన్ మలుపులో ఆటో ఆపించి, బండి దగ్గర ఆవిడకి ఒక ప్లేటు పోహా, అదే అటుకుల ఉప్మా, చెప్పాను. ఆలస్యమైపోతుందని ఆవిడ గోల పెట్టింది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఆటో కదలనివ్వలేదు. ఆ రోజు కీమోకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాం.