ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఆయనకు తెలుసు

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక మా ఆయన నోట ఒక్క మాటే మిగిలింది. ‘కాదు.’ ఆకలేసినా కాదు, కడుపు నిండినా కాదు. ఫ్యాను వేయమన్నా అదే, ఆపమన్నా అదే. మనసులో మాత్రం అంతా స్పష్టంగానే ఉందని డాక్టరు చెప్పాడు. చెప్పాలనుకున్నది నాలుక దాకా వచ్చేసరికి ఆ ఒక్క మాటగా మారిపోతుందట. రాసి చూపిద్దామన్నా కుడిచెయ్యి లేవదు, ఎడమ చేత్తో గీసినవి అక్షరాలయ్యేవి కావు. అందుకని ఎడమచేతి చూపుడువేలితో వస్తువులను చూపించేవారు. ఆ వేలు ఎటు తిరిగితే నేనటు పరిగెత్తేదాన్ని.

ఆయన ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫోర్‌మన్. నేను ఎమ్మిగనూరులో బడిపంతులమ్మను. మాకు పిల్లలు లేరు. యంత్రాలంటే ఆయనకు పిచ్చి. ఆ పిచ్చితోనే బెంగుళూరు వెళ్లి, వాడిన హైబ్రిడ్ కారొకటి కొనుక్కొచ్చారు. మా వీధిలో మగ్గాలు నేసేవాళ్లంతా పని ఆపి మరీ వచ్చి చూశారు. ‘‘దీనికి ఛార్జింగ్ యాడ పెడ్తారన్నా?’’ అని ఒకాయన అడిగాడు. ‘‘ఛార్జింగ్ ఏం వద్దప్పా. పెట్రోలు పోస్తే సాలు, కరెంటు అదే సేసుకుంటాది. కొంచెం సేపు ఇంజను, కొంచెం సేపు బ్యాటరీ’’ అని ఈయన బానెట్ ఎత్తి గంటసేపు వివరించారు.

నలభై దాటిన నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ కారు మీదే. స్టీరింగ్ పట్టుకోవడం, బ్రేకు వేయడం, అద్దంలో చూసుకోవడం, ఇవి చాలనుకున్నాను. కారు కింద, బానెట్ లోపల ఏముందో ఆయన చూసుకుంటారు కదా. ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి, గోనెసంచి పరుచుకుని కారు కింద దూరి ఆయనే ఆయిల్ మార్చేవారు. టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడితే అక్కడినుంచే ఏదో చెప్పేవారు. ‘‘వినబడతాందా?’’ అని మధ్యలో అడిగేవారు. ‘‘ఆఁ, వింటాండా’’ అనేదాన్ని. వినేదాన్ని కాదు. టీ చల్లారిపోతుందని మాత్రం గుర్తుండేది.

ఒక పొద్దున మిల్లుకు బయల్దేరేముందు ఉగ్గాని తింటూ ఉంటే చేతిలో స్పూను జారి కింద పడింది. తీసుకుందామని వంగి, ఆయన కూడా దాని పక్కనే పడిపోయారు. కర్నూలు ఆస్పత్రిలో మూడు వారాలున్నాం. తిరిగి ఇంటికి వచ్చేటప్పటికి మనిషి సగమయ్యారు.

అప్పటినుంచి కారు నా చేతికి వచ్చింది. బడి వదలగానే ఆయన్ను కూర్చోబెట్టుకుని ఊళ్లోనే ఉన్న ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదాన్ని. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. బండి చప్పుడు లేకుండా బ్యాటరీ మీద కదిలేది. సగం దారిలో ఇంజను ఒక్కసారి గుర్రుమని లేచి, నిమిషంలో మళ్లీ ఆగిపోయేది. పోను రాను అంతే.

నాలుగైదు నెలలు గడిచాక ఆయన వేలు కారు వైపు తిరగడం మొదలైంది. వరండాలో కుర్చీలో కూర్చుని బానెట్ వైపు చూపించేవారు. ‘‘తిరిగొద్దామా?’’ అనేదాన్ని. ‘‘కాదు’’ అనేవారు. అన్నిటికీ అదే మాట కాబట్టి, ఇంట్లో కూర్చుని విసుగు పుట్టింది కాబోలు అనుకుని, కష్టపడి ఎక్కించి ఊరు చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చేదాన్ని. దిగాక మళ్లీ బానెట్టే చూపించేవారు. అంత ఇష్టపడుతున్నారు కదా అని మరునాడూ తిప్పేదాన్ని. ఒక్కోసారి డిక్కీ వైపు చూపించేవారు. అందులో చక్రాల కుర్చీ ఉండేది. తీసి ముందు పెడితే ఎడమచేత్తో దాన్ని తోసేసి ‘‘కాదు కాదు కాదు’’ అంటూ ఎర్రబడిన కళ్లతో నన్ను చూసేవారు. నాకు కోపం వచ్చేది. ‘‘మరేం కావాలప్పా నీకు? నేనేమన్నా దేవతనా కనుక్కోడానికి?’’ అని ఒకరోజు అరిచాను కూడా. వీధిలో మగ్గం చప్పుడు ఒకటి ఆగింది. నేను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

అయినా ఆయిల్ సంగతి నాకు అసలే తట్టలేదని కాదు. బస్టాండు దగ్గరి మెకానిక్కును అడిగాను. ఆయిల్ మార్చినప్పుడల్లా ఆయన సున్నా చేసి పెట్టుకునే ట్రిప్ మీటరు చూసి, ‘‘మేడమ్, మీరు యాడ తిప్పినారు బండిని? పదివేల కిలోమీటర్లకు మార్చాల. మీది మూడువేలు కూడా తిరగల్యా. పైగా ఇది సగం కరెంటు మింద పోతాది, ఇంజను సగమే తిరుగుతాది. ఇరవైవేల దాకా సూడక్కర్లే’’ అన్నాడు. లెక్క సరిగ్గానే ఉన్నట్టనిపించింది. కర్నూలులో సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే ఒక అమ్మాయి, పదివేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది అని గడగడా చెప్పింది. పదివేలు అన్నది ఒక్కటే నా చెవిలో పడింది. మెకానిక్కు చెప్పిందీ అదే కదా అని ఫోను పెట్టేశాను. చివరిసారి మార్చింది ఎప్పుడని నన్ను నేను అడిగి ఉంటే, జవాబు తెలియదని అయినా తెలిసేది.

ఆ తర్వాత ఆదోనిలో మాట నేర్పించే థెరపిస్టు ఒకామె ఉందని తెలిసింది. వారానికి ఒకసారి రమ్మంది. మొదటిసారి అంతదూరం నేనొక్కదాన్నే నడపడం. పత్తి ఏరే రోజులు. రోడ్డుకు రెండువైపులా నల్లనేల మీద తెల్లగా చేలు, లారీల నుంచి ఎగిరిన దూది ముళ్లకంపకు చిక్కుకుని ఉంది. ఆయన పక్క సీటులో నిటారుగా కూర్చుని స్టీరింగ్ వెనకున్న దీపాలనే చూస్తున్నారు. పెద్దకడుబూరుకు దారి చీలే చోటు దాటుతుండగా అక్కడ చిన్న ఎర్రబొమ్మ ఒకటి వెలిగింది. కొమ్ముచెంబు ఆకారంలో ఉంది. ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఆదోని చేరాక ఎవరినన్నా అడుగుదామనుకుని అలాగే పోనిచ్చాను.

‘‘కాదు’’ అన్నారాయన.

‘‘వచ్చేసినాం, ఇంకొంచెం దూరమే.’’

‘‘కాదు! కాదు!’’

ఎడమచేత్తో ముందున్న డ్యాష్‌బోర్డు మీద దబదబా బాదారు. నేను రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. ఆయన బాదడం ఆపారు. తర్వాతి క్షణంలో గాలి హోరున లోపలికి కొట్టింది. నడుస్తున్న కారులో ఆయన తలుపు తీసేశారు.

ఎలా ఆపానో నాకు తెలియదు. కారు మట్టిలోకి దిగి నిలబడింది. బెల్టు పెట్టి ఉండబట్టి ఆయన కింద పడలేదు. ‘‘చచ్చిపోవాలనుందా నీకు?’’ అని భుజం పట్టుకుని ఊపేశాను. నా వైపు చూడకుండా వేలు చాపి ఆ ఎర్రబొమ్మనే చూపిస్తున్నారు. అప్పుడు వినబడింది నాకు, బానెట్ కింద రాళ్లు దంచుతున్నట్టు చప్పుడు. బటన్ నొక్కి ఇంజను ఆపేశాను.

చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు నలుగురు ఒడి సంచులతోనే పరిగెత్తుకొచ్చారు. ఒకామె నీళ్ల సీసా తెచ్చి ఆయన ముఖం తుడిచింది. ‘‘ఏమమ్మా, అప్పకు బాగల్యా?’’ అని అడిగింది. నాకు ఏడుపు వచ్చింది. బాగాలేనిది ఆయనకో, కారుకో, నాకో చెప్పడం చేతకాలేదు. ఆ దారిన వచ్చిన ఆటో అతను ఆగి, ఆదోనిలో తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోను చేశాడు. ‘‘వస్తాండాడక్కా, నువ్వు నీడకు కూసో’’ అన్నాడు. కూర్చోవడానికి నీడ లేదు. కారు తలుపుకు చీర కొంగు అడ్డం కట్టి ఆయనకు ఎండ తగలకుండా నిలబడ్డాను.

ఆ మెకానిక్కు పెద్దవాడు, గడ్డం నెరిసింది. వచ్చీ రాగానే బానెట్ ఎత్తి ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూశాడు. ఆయిల్ పోసే మూత విప్పి లోపల వేలు పెట్టి తీశాడు. వేలికి చింతపండు గుజ్జులా నల్లగా అంటుకుంది.

‘‘ఇది ఆయిలా, తారా? ఎన్నాళ్లయిందక్కా మార్చి?’’

‘‘తెలీదన్నా. ఆయన మార్చేవాడు. ఆయన పడిపోయి ఏడాదిన్నర.’’

అతను కారులో కూర్చున్న మనిషిని చూశాడు. ఈ బండిని తాడు కట్టి ఈడ్చకూడదని, వేరే బండి మీదికి ఎక్కించాలని చెప్పాడు. అందుకు కారు ముందు భాగానికి బిగించే కొక్కెం డిక్కీలో అడుగున ఉంటుందన్నాడు. చక్రాల కుర్చీ దించి, పట్టా పైకి ఎత్తాడు. దాని కింది గుంటలో జాకీ పక్కన గుడ్డలో చుట్టిన డబ్బా ఒకటుంది. గుడ్డ విప్పితే మూత తియ్యని ఆయిల్ డబ్బా, పక్కన కొత్త ఫిల్టరు.

‘‘దీనికి సరైన ఆయిల్ ఇదే. ఇంత పల్సనిది మా ఊళ్లో దొరకదు. ఎవురు తెచ్చినారక్కా?’’ అన్నాడు.

నేను జవాబు చెప్పకముందే లోపలినుంచి శబ్దం వచ్చింది. మెడ తిప్పి చూడలేక, వెనకది కనిపించే అద్దంలో ఆ డబ్బాను చూసి ఆయన పెద్దగా, నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. మెకానిక్కు డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఎడమచేత్తో దాన్ని పొట్టకు హత్తుకున్నారు. పడిపోవడానికి ముందే కొని పెట్టుకున్నారన్నమాట. అప్పటికే మార్చే వేళ అయింది. రాబోయే ఆదివారం మారుద్దామనుకుని ఉంటారు.

కారు వారం రోజులు ఆదోని షెడ్డులో ఉంది. మెకానిక్కు ఇంజను అడుగుభాగం విప్పి, పేరుకున్న మడ్డి అంతా తీసి, కడిగి, ఆయన కొన్న ఆయిలే పోశాడు. ఇంజను బతికింది కానీ పూర్తిగా కాదు. పొద్దున మొదటిసారి లేచినప్పుడు టకటకమంటుంది, ఆయిల్ తాగుతుంది. ‘‘ఇంకో మైలు పోయింటే బిగుసుకుపోయుండేది’’ అన్నాడు మెకానిక్కు.

‘‘మూడువేలే తిరిగిందన్నా. పదివేలని కదా అందరూ సెప్పేది?’’

‘‘తిరిగింటే బాగుండేదక్కా. ఇంజను బాగా కాలితేనే లోపలి చెమ్మ ఆరేది. ఈ బండ్లలో అది లేస్తాది, కాలకముందే పండుకుంటాది. దూరం పోతే ఏం కాదు. ఊళ్లో ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిప్పితేనే ఆ చెమ్మంతా ఆయిల్లో కలిసి ఇట్లయితాది. నువ్వు మీటరు సూడొద్దు, క్యాలెండరు సూడు. ఆర్నెల్లకొకసారి మార్చు.’’

ఆయన బానెట్ చూపించడం, నేను రోజూ ఊరు చుట్టూ తిప్పడం అప్పుడు అతనికి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. పానా చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. ‘‘తెలిసి సేసింది కాదు కదక్కా’’ అని మళ్లీ కారు కిందికి దూరాడు.

ఇంటికి వచ్చాక కారుతోపాటు ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి చదివాను. మామూలుగా తిరిగితే ఏడాది అనే రాసి ఉంది. దగ్గరి ప్రయాణాలు, దుమ్ము, ఎండ ఉంటే ఇంకా త్వరగా మార్చమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆ మూడూ తప్ప మా ఊళ్లో వేరే ప్రయాణం ఏముంటుంది? ఆ పేజీ అంచున పెన్సిలుతో ఆయన గీసిన గీత ఉంది. పుస్తకం తీసుకెళ్లి ఆయన ముందు కూర్చుని, ‘‘నువ్వు సెప్తానే ఉన్నావు, నాకే అర్థం కాలేదు’’ అన్నాను. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. అది కోపమో, సిగ్గో, అలసటో. ఆ రాత్రి అన్నం కలిపి ముద్దలు పెడితే మాత్రం వద్దనకుండా తిన్నారు.

తర్వాత రెండుసార్లు ఆయిల్ మార్పించాను. ప్రతి ఆదివారం పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి ఆయనకు చూపిస్తాను. చూస్తారు. సరిపోయిందో లేదో ఆ ముఖం చూసి నేను చెప్పలేను. పుల్ల మీది రెండు గీతలను నమ్ముకోవలసిందే. ఆదోని వెళ్లడం మానలేదు. కొత్త మాట ఒక్కటి కూడా రాలేదు. థెరపిస్టు పాపం ఓపికగా ‘అమ్మ’ అనిపించాలని చూస్తోంది.

నాలుగు రోజుల నుంచి ఆయన వేలు మిద్దె మెట్ల వైపు తిరిగింది. మొదటిరోజే పైకి వెళ్లాను. నీళ్ల ట్యాంకు మూత తీసి చూశాను, నిండుగానే ఉంది. కేబుల్ వైరు చూశాను. ఆరబెట్టిన మిరపకాయలు తెచ్చి ముందు పోశాను. పాత చెప్పులు, విరిగిన కుర్చీ, పావురం గూడు ఒక్కొక్కటీ తెచ్చి చూపించాను. మెట్ల మీద పగులుందేమో అని వంగి ఒక్కో మెట్టూ తడిమాను. వేలు దిగలేదు. ఈ పొద్దున బడికి సెలవు పెట్టి, మిల్లులో ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయనకు ఫోను చేశాను. ‘‘అన్నా, ఒకసారి వచ్చి మిద్దె మింద ఏముందో సూస్తావా?’’ అని అడిగాను. సాయంత్రానికి వస్తానన్నాడు. నేను మెట్ల కింద కూర్చుని ఉన్నాను. ఆయన వరండాలోంచి నన్నూ, మెట్లనూ మార్చి మార్చి చూస్తున్నారు.